దూలాలకు పుట్టుక రుజువు

భూగోళాన్ని కాపాడే భారాన్ని వలయ నిర్మాణ శాఖ తన భుజాన వేసుకుంది. ఉక్కుకు చావు లేదనీ, ఒక ఇంట్లో పని ముగిస్తే మరో ఇంట్లో మొదలుపెట్టవచ్చనీ, అందుకోసం కొలిమి మళ్లీ పొగ కక్కనక్కర్లేదనీ ఆ శాఖ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. (గోడ కొత్తది. పాతది నిక్షేపంలా ఉండగానే కొట్టేశారు.)

మా అక్క టైలరు. ఆమె కుట్టుమిషను రెండేళ్లుగా వరండాలో చిరిగిన టార్పాలిన్ కింద నడుస్తోంది. వానలొచ్చేలోగా మేడ మీద దానికో గది వేయాలని అక్క పట్టుదల. పాత షెడ్డు విప్పినప్పుడు దిగిన నాలుగు ఉక్కు దూలాలు పెరట్లోనే ఉన్నాయి. మా బావ వెల్డరు. ఒక్కోదాన్నీ సుత్తితో కొట్టి, చెవి ఆనించి విని, "నలభై ఏళ్లు మోశాయి, ఇంకో నలభై మోస్తాయి" అని తేల్చేశాడు. శాఖ అనుమతి ఒక్కటే మిగిలింది.

తనిఖీకి వస్తున్నారని తెలిసి బావ ఒక పొరపాటు చేశాడు. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దినట్టు, గ్రైండరు పెట్టి తుప్పూ పాత రంగూ గీకేశాడు. దూలాలు తళతళలాడాయి. వాటి మీద ఫ్యాక్టరీవాళ్లు పోసిన ఉబ్బెత్తు అక్షరాలు కూడా తుప్పుతోపాటే పోయాయి.

శాఖ పంపిన వలయాధికారి దూలాల చుట్టూ మూడుసార్లు తిరిగాడు. (నిబంధన ప్రకారం గుండ్రంగానే తిరగాలి.)

"ఇవి ఎక్కడ పుట్టాయమ్మా?"

"ఏమో సార్, నలభై ఏళ్లుగా మా నెత్తి మీదే ఉన్నాయి" అంది అక్క.

"ఉండటం వేరు, రుజువు ఉండటం వేరు. ఫ్యాక్టరీ గుర్తు లేదంటే బలం లేనట్టే."

బావ సుత్తి అందించాడు. "మీరే కొట్టి చూడండి సార్. ఖంగుమంటుంది."

"ఖంగుమంది అని రాయడానికి ఫారంలో గడి లేదయ్యా."

అయినా ఆయన మనసున్న మనిషి. పాత దూలాన్ని ఉన్నదున్నట్టు వాడాలంటేనే రుజువు కావాలట, కరిగించడానికి అక్కర్లేదట. లారీ ఎక్కించి ఆరువందల కిలోమీటర్లు పంపితే, అక్కడ కరిగించి, మళ్లీ దూలంగా పోసి, గుర్తు వేసి, తిరిగి లారీలో పంపుతారట. అప్పుడే అది అధికారికంగా పాత ఉక్కు అవుతుందట. మరి పొగ సంగతేమిటని అడిగాను. లారీ పొగ రవాణా శాఖదనీ, కొలిమి పొగ పరిశ్రమల శాఖదనీ, తమ శాఖలో పొగే లేదనీ సెలవిచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

దూలాలను ఎక్కించుకుని లారీ వెళ్లిపోయాక బావ వరండాలో కూలబడ్డాడు. "చెరిపింది నా చేతులేగా."

"ఊరుకోండి. శుభ్రం చేయడం కూడా తప్పేనా?" అంది అక్క.

వానలు వచ్చాయి. దూలాలు రాలేదు. కొలిమి దగ్గర వరుసలో ఉన్నాయట.

వాటికి బదులు వలయాధికారే ఫొటోగ్రాఫరుతో సహా వచ్చాడు. ఈ ఏడాది అనుమతి కోరిన గదులన్నిటిలోకీ గాలిని అతి తక్కువగా పాడుచేసింది అక్క గదేనని సర్వేలో తేలిందట. (కట్టని గదికి ఆ సౌలభ్యం ఉంది.) అభినందనగా మూరెడు ఉక్కు ఫలకం ఇచ్చాడు. బావ దాన్ని వెనక్కి తిప్పి చూశాడు. ఫ్యాక్టరీ గుర్తు స్పష్టంగా ఉంది.

"ఎక్కడ బిగించమంటారమ్మా?" అన్నాడు వలయాధికారి.

"ఇలా ఇవ్వండి" అని అక్క దాన్ని అందుకుని, టార్పాలిన్ చిరుగులోంచి నీళ్లు కారుతున్న చోట మిషనుకు పైన అడ్డంగా పెట్టి, కుట్టు పని కొనసాగించింది. ఫొటో తీసుకున్నారు.

శాఖ వార్షిక నివేదికలో ఆ ఫొటో కింద ఒకే వాక్యం ఉంది: "ఉక్కు కప్పు పని పూర్తయింది."