ప్లాస్టిక్ కవర్ తీయని కుర్చీ

“రేడియేషన్ చేయించుకున్న ఏ క్యాన్సర్ రోగి పన్నూ ఇకమీదట కదలదు! కదిలితే నన్నడగండి!” అని ఆరోగ్యమంత్రిగారు మైకులో గర్జించగానే, ముందు వరసలోని రిటైర్డ్ బస్ కండక్టర్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. కొట్టడూ మరి! గొంతుకి రేడియేషన్ అయిన నాటినుంచి ఆయన నోట్లో తడి కరువైంది. “తడి లేకపోతే పళ్లు ఇట్టే పుచ్చుతాయి. మానకుండా ఫ్లోరైడ్ పూయించుకోండి. పుచ్చాక పీకాల్సొస్తే దవడ ఎముక మానదు,” అని క్యాన్సర్ డాక్టరమ్మ ముందే హెచ్చరించింది.

మంత్రిగారు ఆస్పత్రిలో కొత్త పళ్ల వైద్యం గదికి రిబ్బన్ కత్తిరించి, కొత్త డెంటల్ కుర్చీలో కవర్ మీదే పడుకుని, ఫొటోకి నోరు తెరిచారు. నోరు తెరవడంలో ఆయన అనుభవం అపారం.

మర్నాడే కండక్టర్ వెళ్తే గదికి తాళం. సూపరింటెండెంట్ ఎంతో మర్యాదగా చెప్పాడు.

“కుర్చీకి ప్లాస్టిక్ కవర్ ఇంకా తియ్యలేదండీ.”

“తియ్యండి బాబూ, ఎంతసేపు!”

“అమ్మో! మంత్రిగారికంటే పెద్ద మంత్రిగారొచ్చి తీస్తారట. ఈలోగా మీరు కూర్చుంటే కుర్చీ పాతబడిపోదూ?”

అదీ నిజమే కదా అనుకుని కండక్టర్ తిరిగొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ నిజమే అనిపించింది. నిజం అలా నిలకడగా ఉండగానే ఎడమవైపు దవడ పన్ను పుచ్చి, పోటు మొదలైంది.

“వాళ్లు తాళం తీసేలోగా మీ పన్ను ఊడిపడేట్టుంది,” అంది భార్య.

“దానంతటది ఊడితే అదృష్టమేనే. పీకాలంటారేమోనని నా భయం,” అన్నాడు బుగ్గ పట్టుకుని.

ఒకరోజు ఆస్పత్రినుంచి ఫోనొచ్చింది.

“తాళం తీశారా బాబూ?”

“అంతకంటే మంచి కబురండీ! మీకు సన్మానం!”

సభలో మంత్రిగారు ఉప్పొంగిపోయారు. “ఈ గదిలో ఒక్క పన్నైనా పీకామా? లేదు! ఒక్కరికైనా ఆ కుర్చీ ఎక్కే అవసరం వచ్చిందా? లేదు! నివారణ అంటే ఇదీ! ఇక్కడ పని పూర్తయింది. కుర్చీని పక్క ఊరి ప్రారంభోత్సవానికి పంపిస్తున్నాం.”

చప్పట్ల మధ్య కండక్టర్ చేతుల్లో బరువైన షీల్డు పెట్టారు.

“నవ్వండి సార్,” అన్నాడు ఫొటోగ్రాఫర్.

బుగ్గ వాచి నోరు తెరుచుకోలేదు. రెండు చేతులా షీల్డు ఉండటంతో కళ్లు తుడుచుకునే వీలు కూడా లేకపోయింది.

మర్నాడు పేపర్లో ఫొటో పెద్దదే వేశారు. కింద ఇలా ఉంది: “ఆనందబాష్పాలతో లబ్ధిదారు.”