ఏడున్నర దాకా మైల

త్రినాథరావు ఆ ఉదయం వేసుకున్న పథకంలో చావు లేదు. నరసన్నపేట బజారు చివర అతను కొత్తగా పెట్టిన పిండిమరకు మర్నాడు ప్రారంభం. పొద్దున్నే శ్రీకాకుళం వెళ్ళి మరకు బెల్టు తేవాలి. తిరిగి వచ్చి, భార్య ధనలక్ష్మిని వెంటబెట్టుకుని చీపురుపల్లి వెళ్ళి, అప్ప జగ్గమ్మను బొట్టు పెట్టి పిలవాలి. అంతే.

అంతే అనుకోవడం తేలికే గాని, జగ్గమ్మ రెండేళ్ళుగా తమ్ముడి గుమ్మం తొక్కలేదు. కూతురి ఓణీల పండక్కి త్రినాథరావు హడావిడిలో కార్డును ఫోన్లో పంపి ఊరుకున్నాడు. "ఫోన్లో పిలిసినోడి ఇంటికి ఫోన్లోనే వస్తాను" అని జవాబిచ్చి, ఆవిడ ఆ తర్వాత అతని ఫోనే ఎత్తడం మానేసింది. తల్లి పోయాక తనను పెంచింది ఆ అప్పే. ఆవిడ చేత్తో మొదటి గింజ పడకపోతే మర తిరిగినా ఒకటే, తిరక్కపోయినా ఒకటే అని అతని బెంగ.

"పదింటికల్లా తయారుగా ఉండు. ఫోను సూస్తూ కూకోకు" అని భార్యకు చెప్పి బయల్దేరాడు.

ధనలక్ష్మితో అనవలసిన మాట కాదది. టీవీ ఆవిడకు కాలక్షేపం కాదు, పెత్తనం. ఎవరి నటన ఎంతో ఆవిడ తేల్చాల్సిందే. తొమ్మిదింటి సీరియల్ హీరో కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఒకే కనుబొమ్మ ఎత్తుతాడు కనుక పనికిరాడు. వంటల పోటీలో యాంకరమ్మ తన జోకుకి తనే ముందు నవ్వేస్తుంది కనుక అది చూడనక్కర్లేదు. అత్త వేషం వేసే ఆవిడ మాత్రం గ్లిజరిన్ లేకుండా ఏడుస్తుంది, చేతులెత్తి మొక్కాలి. వీళ్ళందరినీ మించినవాడు ఏడున్నర సీరియల్లో అభిరామ్. మూడేళ్ళుగా రోజూ అన్నాలవేళకు ఇంట్లోకి వచ్చే మనిషి. సొంత తమ్ముళ్ళయినా అంత క్రమంగా వస్తారా అని ఆవిడ వాదన. అతగాడు తెరమీదికి రాగానే త్రినాథరావు లేచి అరుగు మీదికి వెళ్ళిపోయేవాడు.

ఏడున్నర సీరియల్ టీవీలో రాత్రి వస్తుంది గాని, ఫోన్లో పొద్దున్నే వచ్చేస్తుంది. ఆ వీధిలో అలా ముందుగా చూసేది ధనలక్ష్మి ఒక్కతే. ఒకసారి కథ ముందే చెప్పేసిందని పక్కింటి గున్నమ్మ నెల్లాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. అప్పటినుంచి, తెరమీద కొంపలంటుకున్నా సరే ఏడున్నర దాకా నోరు విప్పనని ధనలక్ష్మి ఆవిడకు ఒట్టేసి ఉంది.

ఆ ఉదయం ఫోన్లో అభిరామ్ కారు లోయలో పడిపోయింది.  ధనలక్ష్మి లేచి, అయినవాళ్ళు పోయారని తెలిస్తే ఎవరైనా చేసే పనే చేసింది. నూతి దగ్గరకు వెళ్ళి తలమీద నీళ్ళు గుమ్మరించుకుంది. బొట్టు పెట్టుకోలేదు, పొయ్యి వెలిగించలేదు. తడిజుట్టుతో గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే గున్నమ్మ గోడమీంచి చూసింది.

"ఓలమ్మా! ఏటయిందే? ఎవరే?"

"నాను సెప్పలేనత్తా. నన్నడగొద్దు. రాత్రికి నీకే తెలుస్తాది."

గున్నమ్మ మనసులో లెక్క కట్టుకుంది. రాత్రికి తెలుస్తుందంటే శవం రాత్రికి వస్తుందన్నమాట. నోటితో చెప్పలేకపోతోందంటే మరీ దగ్గరివాళ్ళన్నమాట. చావింట్లో పొయ్యి వెలగదు కనుక ఆవిడ ముందు అన్నం, చారు వండింది. తర్వాత ఫోను అందుకుని, త్రినాథరావు చుట్టాల్లో తనకు నంబరు దొరికిన ప్రతివారికీ చేసింది. చావు కబురు పిలుపు కాదు గనక ఫోన్లో చెబితే తప్పులేదు.

త్రినాథరావు బెల్టు చంకన పెట్టుకుని వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల వీధివాళ్ళు చాపల మీద తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పలకరించలేదు.

"ముందు నీల్లోసుకో బావూ" అంది గున్నమ్మ, చెంబు అందిస్తూ.

ఎవరికోసమో తెలియకుండానే అతను నూతి దగ్గర తల తడుపుకున్నాడు. ఇంటి యజమాని తన ఇంట్లో ఎవరు పోయారని పదిమందిలో అడగడం ఏం బాగుంటుంది? తువ్వాలు చుట్టుకుని భార్య పక్కకు చేరి గొంతు తగ్గించాడు.

"ఎవరే?"

ధనలక్ష్మి పక్కనే ఉన్న గున్నమ్మ వైపు చూసి, పేరు మింగేసింది. "మీకెందుకు? బతికున్నన్నాల్లూ ఒక్కనాడు నిదానంగా మొహం సూసేరా? కనబడితే సాలు, లేసి అరుగుమీదికెల్లిపోయీవోరు!"

త్రినాథరావు గతుక్కుమన్నాడు. కనబడితే లేచిపోయేంత పగ తనకు ఎవరిమీద? భావనపాడు బాబాయి నూకయ్య గుర్తొచ్చాడు. పొలం గట్టు తగువు ముదిరాక, ఆయన ఎదురైతే అతను తల తిప్పుకుని పోయేవాడు. ముసలాయన కొన్నాళ్ళుగా మంచంమీద ఉన్నాడని కూడా విన్నాడు. అయ్యో బాబాయి! ఒక మూరెడు గట్టుకోసం ఎన్ని మాటలన్నాను! అతనికి నిజంగానే కళ్ళు చెమర్చాయి.

కళ్ళు తుడుచుకుని పురోహితుడు వేంకటాచలంగారికి ఫోన్ చేశాడు.

"బాబాయంటే జ్ఞాతి కదయ్యా. పదిరోజులు మైల" అన్నాడాయన. "ప్రారంభం మాట మరిచిపో. ఆ తర్వాత శూన్యమాసం కూడాను."

మరా పోయింది, ముహూర్తమూ పోయింది. చీపురుపల్లి వెళ్ళి అప్పను పిలిచే దారి కూడా మూసుకుపోయింది. మైలతో ఉన్నవాడు బొట్టు పట్టుకుని ఎవరింటికి పోతాడు? త్రినాథరావు బెల్టును ఒళ్ళో పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు.

అలా కూర్చుని ఉండగా వీధిలోంచి శోకం వినిపించింది. జగ్గమ్మ! రెండేళ్ళుగా రాని అప్ప, తడిజుట్టుతో, రొమ్ము బాదుకుంటూ వస్తోంది. గుమ్మంలో తమ్ముణ్ణి చూసి ఠక్కున ఆగింది. దగ్గరికొచ్చి చెంపలు తడిమింది, ఆ తర్వాత వీపుమీద ఒకటి చరిచింది.

"ఒరే, నువ్వు బతికే ఉన్నావేట్రా! గున్నమ్మ పేరు సెప్పకపోతే నువ్వేననుకున్నాన్రా!"

"అప్పా..."

"దార్లో ఎన్ని మొక్కుకున్నానో నీకేటి తెలుసు! సావుకి పిలుపక్కర్నేదు కదా, వచ్చీసేను. మరెవర్రా?"

"నూకయ్య బాబాయి" అన్నాడు త్రినాథరావు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. బాబాయి తమను చిన్నప్పుడు భుజాలమీద సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళేవాడనీ, చేప ముల్లు తీసి మరీ పెట్టేవాడనీ తలుచుకున్నారు. ఇంతటి మంచి బాబాయి ఉన్నాడని త్రినాథరావుకు అప్పుడే తెలిసింది.

రాత్రి ఏడు దాటాక ఇంటిముందు ఆటో ఆగి, నూకయ్య బాబాయి కర్ర ఊతంగా దిగాడు.

చాపలమీద వాళ్ళందరూ ఒక్కసారిగా లేచారు. ముసలాయన త్రినాథరావును ఎగాదిగా చూశాడు. "నువ్వు కాదేటి? మరి పోయిందెవర్రా? నీల్లోసుకుని వచ్చేను, సలి పుట్టుకొస్తన్నాది, బేగి సెప్పండి."

ఎవరికీ తెలియదు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, చుట్టాల్లో ఎవరు తక్కువయ్యారా అని మనసులో లెక్కేసుకున్నారు. ఎవరూ తగ్గలేదు. చివరికి అందరి చూపూ ధనలక్ష్మి మీద పడింది. ఆవిడ గోడగడియారంలో ఏడున్నర కావడం చూసి, ముక్కు చీది, రిమోట్ అందుకుంది.

"ఇప్పుడు సూసుకోండి. ఇక ఒట్టు నేదు."

తెరమీద కారు లోయలోకి దొర్లింది. గున్నమ్మ కెవ్వుమంది. మిగతావాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు. ప్రకటనలు మొదలయ్యాక నూకయ్య బాబాయి కర్రతో టీవీ వైపు చూపించాడు.

"అంటే... నాను తానం సేసింది ఈ గుంటడికా?"

త్రినాథరావుకు కోపం రావాల్సిన చోట సంతోషం ముందొచ్చింది. ఎవరూ పోలేదు, మైల లేదు, రేపు మర తిరుగుతుంది. పైగా అప్ప ఎదురుగానే ఉంది!

"అప్పా, రేపు పొద్దున్న మొదటి గింజ నీ సేత్తోనే..."

జగ్గమ్మ అప్పటికే సంచీ సర్దుకుంటోంది. "సావని వచ్చేను. సావు నేదు, పిలుపూ నేదు. పిలవని పేరంటానికి జగ్గమ్మ సతికిలబడిందని ఊరంతా సెప్పుకోడానికా?"

"ధనం, బేగి కుంకంబరిణె తే!"

"ఈ పూట నాను బొట్టు ముట్టను" అంది ధనలక్ష్మి. "మనిసి పోయిన పూట బొట్టేటండి!"

పొద్దుటినుంచీ లేని చావుకు ఏడ్చిన త్రినాథరావుకు అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. ఒకావిడ గుమ్మం దాటుతోంది, ఇంకొకావిడ చాప దిగడం లేదు. మధ్యలో తను. గుమ్మం దాటబోయిన జగ్గమ్మ మాత్రం, ఏదో తట్టినట్టు వెనక్కి తిరిగింది.

"ఒసే ధనం, శవాన్ని సూపించేరేటి?"

"నేదొదినా."

"ఆడి పెల్లాం బొట్టు సెరిపిందేటి?"

"సెరపనేదు..."

"కట్టుకున్నదే సెరపకపోతే, నువ్వెందుకే తడిసేవు? శవాన్ని సూపించనేదంటే మనిసి బతికున్నట్టే. ఏ ఆస్పత్రిలోనో కట్లు కట్టి తొంగోబెట్టుంటారు."

ధనలక్ష్మి మొహంలో దీపం వెలిగింది. "ఒదినా, మీరూ ఈ సీరియలు సూస్తారా?"

"సూడకేటి? గాని ఆడి నటన నాకు నచ్చదు. తమ్ముడి యేసం ఏసిన గుంటడు మేలు."

"ఆడా? ఆడు ఏడిస్తే ముక్కు తప్ప ఇంకేటీ కదలదు ఒదినా!"

రెండేళ్ళ తర్వాత వదినా మరదళ్ళు మనసు విప్పి దెబ్బలాడుకున్నారు. ఆ ఊపులో ధనలక్ష్మి పరుగున వెళ్ళి కుంకంబరిణె తెచ్చింది. త్రినాథరావు ఊపిరి పీల్చుకున్నాడు. జగ్గమ్మ మొహం పక్కకు తిప్పేసింది.

"ఇక్కడేటి? పిలుపంటే నా గుమ్మంలోకొచ్చి పిలవాల."

"ఒదిన సెప్పింది నిజమే కదండి" అంది ధనలక్ష్మి.

తెల్లవారకముందే త్రినాథరావు కారు మాట్లాడి, భార్యను వెంటబెట్టుకుని, అప్పను చీపురుపల్లి తీసుకెళ్ళి ఇంటిముందు దింపాడు. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అతను తలుపు తట్టాడు. ఆవిడ వచ్చి తీసింది. ధనలక్ష్మి బొట్టు పెట్టి, పిండిమర ప్రారంభానికి తప్పకుండా రావాలని పిలిచింది. జగ్గమ్మ కాసేపు ఆలోచించి, వీలు చూసుకుని వస్తానంది.