బ్రేక్‌ఫాస్ట్‌కి అర్థం చెప్పిన పౌలురాజు

ఆ శనివారం పొద్దున పౌలురాజు ఒక్కటే అనుకున్నాడు. పెసరట్లు వడ్డించాలి, నోరు మూసుకోవాలి. గురుగ్రామ్‌లో పన్నెండో అంతస్తులోని వాళ్ళ ఫ్లాట్‌కి స్టీవ్, అతని తండ్రి దైవసహాయం బ్రేక్‌ఫాస్ట్‌కి వస్తున్నారు. చేసుకుంటే స్టీవ్‌నే చేసుకుంటానని కూతురు ఆరాధన భీష్మించుకుంది. చర్చిలో సంఘపెద్ద అయిన దైవసహాయం మాత్రం ఏ సంగతీ తేల్చడు.

"పాపా, ప్లీజ్. ఆజ్ కోయీ వర్డ్ మీనింగ్ నహీ," అని, ఇవాళ ఏ మాటకీ అర్థం చెప్పొద్దని హిందీలో బతిమాలింది ఆరాధన.

ఇంగ్లీషు మాట కనిపిస్తే విప్పి చూడనిదే పౌలురాజుకు నిద్రపట్టదు. ఆఫీసులో ఆయన నోరు తెరిస్తే అందరికీ పని గుర్తొస్తుంది. ఇంట్లో కూడా ఇంతేనా అని దిగులుపడుతూనే సరేనన్నాడు.

దైవసహాయం షుగర్ మాత్ర వేసుకుని ప్లేటు ముందు కూర్చున్నాడు. ఎవరూ మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దం పౌలురాజు ప్రాణాలు తోడేసింది.

"బ్రేక్ అంటే విరవడం, ఫాస్ట్ అంటే ఉపవాసం, బ్రదర్. రాత్రంతా ఉన్న ఉపవాసాన్ని విరమించడమే బ్రేక్‌ఫాస్ట్."

దైవసహాయం చేతిలోని ముక్క ప్లేటులోకి జారింది. "ఉపవాసాలుండాల్సిన శ్రమల కాలం సగం గడిచింది. ఒక్క పూట ఉపవాసం ఉన్నానా నేను? లేని ఉపవాసాన్ని ఏ మొహం పెట్టుకుని విరమించను?" కళ్ళనీళ్ళు పెట్టుకుని మోకాళ్ళూనాడు. "సాయంత్రం దాకా ప్రార్థనలో ఉందాం."

పెద్దాయన తినకుండా ఎవరు తింటారు? స్టీవ్, ఆరాధన మోకరించారు. నైట్ డ్యూటీ చేసి అప్పుడే వచ్చిన పౌలురాజు భార్య, నర్సు జ్ఞానకుమారి అట్లకాడతోనే మోకరించి, మొగుడి వంక ఒక చూపు చూసింది.

పౌలురాజు దిద్దబోయాడు. "లార్డ్ అన్నది కూడా పూర్వం రెండు మాటలే, బ్రదర్. రొట్టెకు కాపరి అని. అంటే తినమనే కదా."

"ఆ కాపరి ఎదుటే దొంగతిండి తిన్నాను," అని దైవసహాయం భోరుమన్నాడు. సాయంత్రం దాకా అన్న ప్రార్థన మర్నాడు చర్చికి వెళ్ళేదాకా పెరిగింది.

మధ్యాహ్నం కీర్తన మధ్యలో ఆయన పక్కకి ఒరిగిపోయాడు.

"మాత్ర వేసుకుని తిండి మానేశారు, షుగర్ పడిపోయింది. తేనె సీసా తే," అంది జ్ఞానకుమారి. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని చిగుళ్ళకు తేనె రాసింది. సంబంధం పోయింది, ఇప్పుడు మనిషి కూడా పోతున్నాడని పౌలురాజు గోడకు చేరబడి ఏడ్చాడు.

కాసేపటికి దైవసహాయం కళ్ళు తెరిచాడు. "నీ చేతుల్లో పెరిగిన పిల్లే మా ఇంటికి రావాలి, చెల్లెమ్మా. ఒకటే షరతు. పెళ్ళయ్యేదాకా బ్రదర్ ఎవరికీ ఏ మాటా విడమరిచి చెప్పకూడదు." చెప్పి, చల్లారిన పెసరట్టు అందుకున్నాడు.

"హనీమూన్‌కి సిమ్లా వెళ్తాం, అంకుల్," అన్నాడు స్టీవ్ సంతోషం పట్టలేక.

ఆ మాటలో తేనె ఎందుకుందో, పున్నమి దాటాక చంద్రుడి గతి ఏమిటో పౌలురాజుకు క్షుణ్ణంగా తెలుసు. మిగిలిన పెసరట్టు మొత్తం నోట్లో కుక్కుకున్నాడు.