మా కారు కన్నుకొడుతుంది, కొట్టనివ్వండి

కారు కొనుక్కోబోయే వాళ్ళకు నాదొక సలహా. లైట్లు సరిగ్గా వెలిగే కారు మాత్రం పొరపాటున కూడా కొనకండి.

నవ్వకండి. నేను నలుగురు పిల్లల తల్లిని. గాలికి తలుపు కొట్టుకున్నా ముందు అంబులెన్సు గుర్తొచ్చే మనిషిని. అలాంటి నేను ఈ మాట అంటున్నానంటే ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని ఆలోచించి ఉంటానో మీరే లెక్కేసుకోండి.

మా ఆయన నూరుద్దీన్‌కు ఈ సంగతి తలకెక్కడం లేదు. పేరు రాయించుకుని, ఎదురుచూసి ఎదురుచూసి, జుట్టు నెరిశాక తెచ్చుకున్న కారాయె. ఇంటికొచ్చిన నెలలోనే దాని కరెంటుకు పిచ్చెక్కింది. అమ్మిన వాళ్ళ దగ్గరకు తీసుకెళ్తే, "ఈ మోడల్ ఇంతే సార్, అలవాటైపోతుంది" అన్నారట. అలవాటు కావలసింది కారుకా తనకా అని అడగడం మరిచిపోయి వచ్చేశాడు.

సాయంత్రమైతే కాఫీ కొట్టు ముందు కార్లున్న మగవాళ్ళంతా చేరి ఇదే గోడు. ఒకాయన ఎడమవైపు ఇండికేటర్ వేస్తే కుడివైపు దీపం వెలుగుతుంది. ఇంకొకాయన బ్రేకు తొక్కితే రేడియో ఆగిపోతుంది. పాపం, వాళ్ళ మొహాలు చూస్తే జాలేస్తుంది. ఆ కార్లన్నీ నిక్షేపంగా ఉంటే ఈ మగవాళ్ళు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకునేవాళ్ళు? దేశంలో ఇంత సఖ్యత ఎక్కడి నుంచి వచ్చేది?

మా కారు సంగతే చూడండి. లోపల నడినెత్తి మీది దీపం ఒకసారి వెలిగితే ఇక ఆరదు. మా రోడ్ల మీద చీకటి పడ్డాక చెక్‌పోస్టు కనబడిందంటే హెడ్‌లైట్లు తగ్గించి, లోపలి దీపం వేసుకోవాలి. లోపల ఎవరున్నారో పోలీసులు చూసుకోవాలి కదా. మేము ఆ దీపం ఊరు దాటకముందు నుంచీ వేసుకునే వస్తాం. ఎంత మర్యాదస్తులో అనుకుని చెయ్యి ఊపి పంపేస్తారు. పైగా ఆ వెలుతురులో నూరుద్దీన్‌కు ముందున్న రోడ్డు సగమే కనబడుతుంది కాబట్టి నెమ్మదిగా నడుపుతాడు. పెళ్ళయిన నాటి నుంచీ నేను చెప్పీ చెప్పీ సాధించలేనిది ఒక చెడిపోయిన బల్బు సాధించింది.

నా వైపు కిటికీ అద్దం నాలుగు వేళ్ళంత కిందకు దిగి అక్కడే ఉండిపోయింది. మా సెతీఫ్ ఊరి చలిలో ఆ గాలికి నా చెవి ఒకటి ఇప్పుడు అలంకారానికే ఉంది. అయితేనేం? కారు నీళ్ళలో పడి, అద్దాలు దిగక ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ళ గురించి నేను విన్నాను.

"మన ఏట్లో నీళ్ళెక్కడివే? గొర్రెలు మేస్తుంటేను" అంటాడు నూరుద్దీన్.

"వానొస్తే?" అంటాను నేను.

హార్న్ గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. నూరుద్దీన్ పెద్ద మేనమామ పోయారని తెలిసి బయలుదేరితే, మలుపు తిరిగినప్పుడల్లా హార్న్ దానంతట అదే మోగడం మొదలుపెట్టింది. మా వైపు ఆగకుండా హార్న్ మోగిందంటే పెళ్ళి ఊరేగింపని అర్థం. దారి పొడవునా ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నాలుక ఆడిస్తూ సంబరంగా కూతలు పెట్టారు. పిల్లలు మిఠాయిలు అడుగుతూ వెంటపడ్డారు. మేము కళ్ళు తుడుచుకుంటూనే చేతులు ఊపాం. సంగతి విని మామ భార్య ఏడుస్తూనే నవ్వింది. "మా పెళ్ళికి గాడిద బండి కూడా దొరకలేదు పిల్లా. పోనీలే, ఇప్పటికైనా జరిగింది" అంది.

రిపేరుకు తీసుకెళ్ళలేదా అంటారేమో. లఖ్దర్ అని మా ఊరి కార్ల ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. బానెట్ ఎత్తి, వైర్లన్నీ బయటకు లాగి, మళ్ళీ లోపలకు కుక్కాడు. మూడో వంతు చేతిలోనే మిగిలిపోయాయి.

"ఇవేం చేసుకోమంటావు తమ్ముడూ?" అన్నాను.

"అవసరమైతే అదే అడుగుతుంది అక్కా, దాచిపెట్టు" అన్నాడు.

స్టీరింగ్ ముందు ఎర్రదీపం ఒకటి ప్రమాదం ప్రమాదమని వెలుగుతూనే ఉంటే, దానిమీద నల్ల టేపు ముక్క అతికించాడు. "కనబడకపోతే భయం ఉండదు" అన్నాడు. వెళ్ళేటప్పుడు నా వైపు కూడా అదోలా చూశాడు. నాకూ ఒక ముక్క అతికిద్దామనే ఆలోచన వచ్చి ఉంటుంది.

ఇవన్నీ చిన్న చిన్న మేళ్ళు. అసలు వరం వేరే ఉంది.

తాళం తిప్పి ఉంచితే చాలు, మా కారు హెడ్‌లైట్లు కాసేపటికొకసారి టప్ టప్‌మని రెండుసార్లు కన్నుకొడతాయి. ఎవరూ మీట ముట్టుకోనక్కరలేదు. మా దేశంలో ఎదురుగా వచ్చే బండి అలా కన్నుకొట్టిందంటే ఒకటే అర్థం. ముందు పోలీసులున్నారు, స్పీడు కొలిచే మెషిన్ పెట్టుకుని కూర్చున్నారు, జాగ్రత్త అన్నా అని. దొరికితే లైసెన్సు అక్కడికక్కడే లాక్కుంటారు. తల్లి బతిమాలినా, పెళ్ళాం తిట్టినా తగ్గని వాడు ఆ రెండు కన్నుకొట్టుళ్ళకు గొర్రెపిల్ల అయిపోతాడు. బెల్టు వెతుక్కుంటాడు. ఫోను తొడ కింద దాస్తాడు. కొందరైతే జుట్టు కూడా సర్దుకుంటారు.

ఇప్పుడు మా ఇల్లు ఎక్కడుందో చెప్పాలి. పెద్ద రోడ్డుకు ఈ పక్క మేము, ఆ పక్క బడి. చలికాలంలో గంట కొట్టేసరికి పొద్దు గుంకుతుంటుంది. మా చిన్నది రొమైసా, దానంత పిల్లలు ఇంకెందరో, వీపున వాళ్ళకన్నా పెద్ద సంచులేసుకుని, లారీల మధ్య నుంచి పరుగెత్తి రావాలి. అక్కడ ఒక స్తంభం ఉంది. దానికి దీపం లేదు. నిరుడు పొరుగింటి యమీనా పిన్ని మనవడిని ఒక కారు అక్కడే గుద్దింది. వాడు ఇప్పటికీ కుంటుతాడు. ఆగని ఆ కారెవరిదో ఇప్పటికీ తెలియదు.

స్తంభానికి దీపం పెట్టండి, బండ్లు నెమ్మదించేలా రోడ్డుకు అడ్డంగా ఒక గట్టు వెయ్యండి అని మునిసిపాలిటీకి వెళ్ళాను. "రోడ్డు మాది కాదమ్మా, రహదారుల శాఖది" అన్నారు. రహదారుల శాఖకు వెళ్ళాను. "స్తంభం మాది కాదమ్మా, మునిసిపాలిటీది" అన్నారు. రోడ్డు ఒకరిది, స్తంభం ఒకరిది. ఆ రెంటి మధ్యన పరుగెత్తే పిల్ల ఎవరిదో రెండు చోట్లా చెప్పలేదు. విసుగెత్తి మా వీధి మగవాళ్ళే సిమెంటు కలిపి గట్టు వేశారు. దాన్ని తవ్వి పారెయ్యడానికి మాత్రం మెషిన్ వెంటనే వచ్చింది. అనుమతి లేదట.

అందుకని బడి వదిలే వేళకు నూరుద్దీన్‌తో కారును ఇంటి ముందు రోడ్డు వైపు తిప్పి పెట్టించడం మొదలుపెట్టాను. నాకు డ్రైవింగ్ రాదు. తాళం తిప్పి కూర్చోవడం వచ్చు. కారు కన్నుకొడుతుంది. అటు నుంచి వచ్చే లారీలు, టాక్సీలు, పెళ్ళికొడుకుల్లా తలవంచుకుని నడుస్తాయి. వాటిని చూసి ఇటు నుంచి వచ్చేవాళ్ళూ తగ్గుతారు. పిల్లలు తాపీగా కబుర్లు చెప్పుకుంటూ దాటుతారు. యమీనా పిన్ని కాఫీ తెచ్చి కిటికీలోంచి అందిస్తుంది. ఆ నాలుగు వేళ్ళ సందులోంచే.

"బ్యాటరీ చచ్చిపోతుందే" అని నూరుద్దీన్ మొత్తుకున్నాడు.

"చావనీ. బజారులో ఇంకోటి దొరుకుతుంది" అన్నాను. ఆయన రోడ్డు వైపు చూసి లోపలికి పోయాడు.

ఎవరో ఫిర్యాదు చేశారు. పోలీసులు లేనిచోట ఉన్నారని భయపెట్టి తన ప్రయాణం ఆలస్యం చేశారట. ఒక సాయంత్రం జీపు వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. వాళ్ళలో పెద్దవాడు కిటికీ దగ్గరకు వంగాడు.

"ఏం హజ్జా, జనాన్ని బెదిరిస్తున్నావట?"

"హజ్‌కు ఇంకా పోలేదు నాయనా. బెదిరిస్తున్నది నేను కాదు, కారు."

"లేని పోలీసులు ఉన్నారని చెప్పడం నేరం, తెలుసా?"

"లేరు కాబట్టే నాయనా చెప్పాల్సి వచ్చింది. మీరుంటే నేనెందుకు చెబుతాను?"

చిన్నవాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. పెద్దవాడు నవ్వలేదు. "వెంటనే బాగుచేయించు. చేయించావో లేదో రేపు ఇదే వేళకు వచ్చి చూస్తాం" అన్నాడు.

అన్నమాట ప్రకారం వచ్చారు. జీపు సరిగ్గా దీపం లేని స్తంభం కిందే ఆపి, నా కారు మీద నిఘా పెట్టారు. అది చూసి, దాటి పోయిన ప్రతి బండీ ఎదురొచ్చే ప్రతి బండికీ నిజంగానే కన్నుకొట్టడం మొదలుపెట్టింది. రోడ్డంతా మసీదు గుమ్మంలా నెమ్మదించింది. రొమైసా ఆ ఇద్దరికీ సలాం చెప్పి మరీ రోడ్డు దాటింది.

పెద్దవాడు వచ్చి, "ఇంకా కాలేదా హజ్జా?" అన్నాడు.

"పార్టు రావాలట నాయనా. రేపు కూడా ఒకసారి వచ్చి చూడండి" అన్నాను.

అప్పటి నుంచీ వస్తున్నారు. లఖ్దర్ ఎదురుపడి, అసలు తప్పు దొరికింది అక్కా, చిటికెలో పని అని చెప్పాడు. ఆ చెయ్యి మా కారు మీద పడితే విరుస్తానని చెప్పాను.

కాబట్టి కార్లున్న అన్నలారా, మీ లైట్లు ఏడిపిస్తున్నాయని ఏడవకండి. పిల్లలు దాటే చోటొకటి చూసుకుని నిలబెట్టుకోండి. మా పిల్లల కోసం ఒక్క బల్బు ఇవ్వలేని సర్కారు, నా నేరం కోసం రోజూ ఒక జీపును, ఇద్దరు మనుషులను పంపుతోంది. నేను బుద్ధి తెచ్చుకుని లైట్లు బాగుచేయించిన మర్నాడు వాళ్ళు రారు. ఆ మర్నాడు కూడా బడి గంట కొడుతుంది.