గంజి పెట్టిన తుపాకీ

ఆ పొద్దున సీతారాములు అనుకున్నది చిన్న పనే. గోడకు వేలాడుతున్న తాత తుపాకీని గుడ్డతో ఒకసారి తుడవాలి, గద్వాల కోటకు తీసుకుపోయి జమాదారుకు చూపించాలి, వచ్చి మగ్గంలో కూర్చోవాలి. ఊళ్లలోని పాత తుపాకులు ఎట్లా ఉన్నాయో చూస్తామని నిన్ననే చాటింపు వేశారు. ఎందుకో మాత్రం చెప్పలేదు. చెప్పని ఆ ముక్కను నేతగాళ్ల వీధి తనే పూరించుకుంది: బాగున్నవి తిరిగి ఇస్తారు, పాడైనవి కరిగిస్తారు.

సీతారాములు తల్లికి తండ్రి అయిన ఆ తాత సంస్థానం గుర్రపు దళంలో సవారు. ఆ తాత గుర్రం జీనుకు వేలాడిన పొట్టి తుపాకీ అది. దొరలు కార్బైన్ అంటారట. ఏటా దసరా ఊరేగింపులో దాన్ని భుజాన వేసుకుని నడిచే ఆ ఒక్క పూటా సీతారాములు నేతగాడు కాదు, సవారు మనవడు. అది కాస్తా పోతే ఇంకేం మిగులుతుంది పాపం!

"గిట్ల తుప్పుతోని పట్కపోతవా? చూసెటోళ్లు నవ్వరా?" అంటూ భార్య అలివేలమ్మ చింతపండు తెచ్చి, ఇత్తడి బిందెను తోమినట్టు తోమింది. తుప్పు పోలేదు సరికదా, గొట్టం నిండా నల్లటి చారలు తేలాయి.

అంతలో పక్కింటి నేతగాడు బుచ్చన్న వచ్చాడు. లోకంలో దేనికి ఏ జబ్బు చేసినా ఆయన దగ్గర ఒకటే మందు.

"పరేషాన్ గాకు బావా. గంజి పెడ్దాం. పడుగుకు నిగనిగ ఎట్లొస్తది? దీనికీ గట్లనే వస్తది."

"తుపాకికి గంజేంది బుచ్చన్నా?"

"ఇనుమైతేంది, నూలైతేంది? నువ్వు జర జరుగు!"

మెరిసింది కూడా. పడుగు దువ్వే కుంచెతో గంజి పూసి ఎండలో పెడితే తళతళలాడింది. కానీ గంజి ఎండి మీట బిగుసుకుపోయింది. గొట్టంలోకి జారిన గంజిని తీద్దామని బుచ్చన్న వెదురుపుల్ల దూర్చాడు. సగం పుల్ల చేతికి వచ్చింది, సగం లోపలే ఉండిపోయింది.

"తియ్యి బుచ్చన్నా!"

"వస్తలేదు బావా. నువ్వు అటు గుంజు."

చెరోవైపు పట్టి గుంజితే తుపాకీ వెనక కట్టె పగిలింది. అలివేలమ్మ నోరు నొక్కుకుని, పాత చీర అంచు చింపి పగిలినచోట కట్టు కట్టింది. దారిలో ఎవరిదో మేక గంజి వాసన పట్టి, తుపాకీని నాకుతూ కోట దాకా వెంట వచ్చింది.

కోట వాకిట్లో మానవపాడు రైతు తిరుపతయ్య ముందున్నాడు. అతని తుపాకీ మీట నొక్కితే టక్కుమంది. "వహ్వా!" అన్నాడు జమాదారు. అది విని సీతారాములుకు ఏడుపు ఒక్కటే తక్కువ.

తన వంతు వచ్చింది. జమాదారు గొట్టంలోకి చూశాడు, వెలుతురు కనబడలేదు. మీట నొక్కాడు, వేలు నొచ్చింది. చివరికి మేకను చూశాడు.

"ఇది ఈ జన్మల పేలదు."

"మీ కాల్మొక్త దొరా, మా తాతది. కరిగియ్యకుండ్రి!"

"కరిగిచ్చుడేందయ్యా? లడాయి నడుస్తుంది. పేలేటియి సర్కారు తీస్కుంటది. పేలనిది మాకెందుకు? తీస్కపో, దసరాకు మోసుకో."

సీతారాములు వెనక్కి తిరిగాడు. తిరుపతయ్య ఉత్త చేతులతో ఇంటిదారి పట్టాడు. అప్పటిదాకా ఆగిన ఏడుపు ఇప్పుడు నిజంగానే వచ్చింది, సంతోషంతో.

ఆ ఏటి నుంచి దసరాకు ఆ ఇంట్లో తుపాకీకి ముందు గంజి పెట్టి, ఆ తర్వాతే పసుపు కుంకుమలు పెడుతున్నారు.