గడి ముందు కిర్రుచెప్పులు

మన వారసత్వం మన దగ్గర లేదు! పట్నం నుంచి వచ్చే కెమెరా పెట్టెలో ఉంది. ఈ మాట నమ్మని మూర్ఖులు ఇంకా ఎవరైనా ఉంటే మా ఊరికి రండి, చూపిస్తాను.

మొన్న ఎండాకాలం ఒక ఆర్టిస్టుగారు మా ఊళ్లో కారు దిగారు. ఫొటోలు తీస్తారు, బొమ్మలు గీస్తారు. తెలంగాణ మనిషి అసలు రూపం ఏమిటో వెతుకుతున్నారట. ఎంత గొప్ప సేవ! నేనూ ఉన్నాను, ఎందుకు? సంఘం జెండా పట్టుకుని ఇన్నేళ్లు తిరిగాను. కూలి పెంచమని అరిచాను, దొరతో కొట్లాడాను. మన రూపం ఎట్లా ఉండాలో ఒక్కనాడైనా ఆలోచించానా? బడి మొహం చూడనివాడిని, నాకెట్లా తోస్తుంది!

ఆయన నోట ఒకటే మాట: "సహజంగా!"

గొర్లు కాసే గుర్వయ్య కొత్త గొడుగు వేసుకుని నిలబడ్డాడు. గొడుగు సహజం కాదన్నారు. గొంగడి కప్పుకోమన్నారు. రోహిణి కార్తె ఎండలో!

"సారూ, గిది చలికి కప్పుకునేది. గిప్పుడు కప్పితే ఉడికిపోత," అన్నాడు గుర్వయ్య.

"ఆ చెమటే కావాలయ్యా!"

చూశారా, కళంటే అది!

భద్రమ్మ సిలవర్ బిందె పట్టుకొచ్చింది. కాదు, మట్టికుండ కావాలన్నారు. ఊరంతా వెతికితే ఓటికుండ ఒకటి దొరికింది. నడుం నుంచి మడమల దాకా తడిసిపోయి భద్రమ్మ తిట్టిన తిట్లు మాత్రం నూటికి నూరుపాళ్లు సహజం. అవే ఫొటోలో పడలేదు! కొత్తగా పాతిన కరెంటు స్తంభానికి తాటాకులు చుట్టించారు. మేకలతోనే ఏ పేచీ రాలేదు. వాటికి చొక్కాలు లేవు కదా!

ఇక ఏసోబు. కూలికి పోయే మనిషి. తెల్ల అంగీ తొడుక్కుని, కొత్త కిర్రుచెప్పులు వేసుకుని, వీధంతా కిర్రుమనిపిస్తూ గడి ముందుకొచ్చి నిలబడ్డాడు. గడి అంటే దొరగారి కోట. ఏసోబు నాయిన బక్కయ్య బతికినన్నాళ్లూ ఆ గడి ముందు చెప్పులు చేతబట్టుకుని, నడుం వంచే నడిచాడు. ఒకసారి మరిచిపోయి తొడుక్కుని నడిచినందుకు ఆ చెప్పులే నెత్తిన పెట్టించి ఎండలో నిలబెట్టారు. ఆ దారిన కాళ్లకు చెప్పులతో నడవడానికి మేము దెబ్బలు తిన్నాం.

అందుకే ఏసోబును తల్లి జంగమ్మే పంపింది. ఆమె కళ్లకు పొర కమ్ముతోంది.

"మీ నాయినకు ఫొటో లేకపాయె. నువ్వన్న దిగు బిడ్డా, గడి ముంగట చెప్పులేసుకొని. గోడకు పెట్టుకుందం. మనం గిట్ల గూడ నిలవడ్డమని నీ పిల్లలు సూడాలె," అంది.

కాపీ ఒకటి ఇస్తామన్నారు ఆర్టిస్టుగారు. ధర్మాత్ములు! ఆ పూట నేను ఆత్మకూరులో మీటింగుకు పోయాను. ఊళ్లో ఉంటే కళకు ఎంత అన్యాయం జరిగేదో! చూసినవాళ్లు చెప్పిందే చెబుతున్నాను. ముందు అంగీ విప్పించారట. ఆ తర్వాత:

"చెప్పులు చేత్తో పట్టుకో."

"ఎందుకు సారూ?"

"అదే కదా మీ సంప్రదాయం! కొంచెం వంగు. సహజంగా!"

"చెప్పులు కాళ్లకుండంగ ఒక్కటి దియ్యుండ్రి సారూ. మా అమ్మ సూస్తనంది."

"తీస్తాను, తీస్తాను. ముందు ఇది కానీ."

ముందు ఇది అయింది. తర్వాత ఫిల్ము అయిపోయింది! పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు?

పట్నం ఎగ్జిబిషన్‌లో ఆ ఫొటోకు మెడల్ వచ్చిందట. కింద పేరు కూడా పెట్టారు: 'తరతరాల వినయం'. ఆయన మాట తప్పే మనిషి కాదు. బస్సులో కాపీ పంపించారు.

జంగమ్మ ఫొటోను కళ్లకు ఆనించుకుని చాలాసేపు చూసింది. ఒక్కసారిగా మొహం వెలిగిపోయింది.

"ఓరి ఏసోబూ! గీయన మీ నాయిన గదరా! గీ ఫొటో యాడ దొరికిందిరా నీకు?"

ఏసోబు ఏమంటాడు? పట్నంలో దొరికిందన్నాడు.

ఫొటో ఇప్పుడు గోడకుంది. పిల్లలు రోజూ చూస్తున్నారు. వారసత్వం అందిందా లేదా, చెప్పండి! తండ్రి నడుం వంపు కొడుకు ఒంటి మీదికి దించడం దొరతరం కాలేదు. కెమెరా ఒక్క క్షణంలో దించింది!

కాబట్టి ఆర్టిస్టుగారికి ఊరి తరఫున ఆహ్వానం పలుకుతున్నాను. మా సంప్రదాయంలో ఇంకో ముక్క మిగిలిపోయింది. చెప్పులు విప్పమన్నవాళ్లను మేము పొలిమేర దాకా సాగనంపే పద్ధతి. ఫిల్ము కాస్త ఎక్కువ తెచ్చుకోండి. పోజులు నేర్పే పని లేదు, ఊరంతా ఎంతో సహజంగా ఉంటుంది! ఒక్కటే మనవి. కాళ్లకు గట్టి చెప్పులు తొడుక్కుని రండి. పొలిమేర దాకా దారంతా పల్లేరుకాయలే, తమరు పరుగెత్తాల్సి ఉంటుంది!