లూర్దమ్మ గ్రైండరు, మా కెర్నల్ కంపైలు

దేశం బాగుపడాలంటే ఇంటికో కంప్యూటరు ఉండాలని అందరూ అంటున్నారు. ఉంటే చాలదు! ఆ కంప్యూటరు మీద ప్రతి శనివారం ఎవరో ఒకరు కెర్నల్ కంపైల్ చేస్తూ ఉండాలి. అప్పుడే మనం బాగుపడతాం.

నవ్వకండి. నాచారంలో ఒక డాబా మీద నడిచే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను విద్యార్థినిని. కళ్లారా చూసి చెబుతున్నాను.

కంపైల్ అంటే తెలియని వారి కోసం ఒక్క మాట. షాపులో కొనే సాఫ్ట్‌వేరు సీసాలో పచ్చడి లాంటిది. మూత తీయడం, వేసుకోవడం. అందులో మన గొప్పేముంది? లైనక్స్ అలా కాదు. మ్యాగజైనుతో పాటు సీడీలో ఊరికే వస్తుంది. కావాలంటే సీసా కూడా ఉంటుంది గానీ, దాని పక్కనే కాయలు, కారం, ఆవపిండి విడివిడిగా పెట్టి, మీ ఇంటి రుచికి మీరే కలుపుకోండి అంటుంది. ఆ కలపడమే కంపైల్. లైనక్స్‌లో గుండెకాయ లాంటి భాగం కెర్నల్. దాన్ని కలపడానికి మా పాత మెషీనుకు మధ్యాహ్నం భోజనాల నుంచి వీధి దీపాలు వెలిగే దాకా పడుతుంది.

ఎంత తీరిక! ఎంత శాంతి!

కలిపేది మా దేవసహాయం సారు. మెషీన్‌లో కొత్తగా సౌండ్ కార్డు పెట్టించారు. అది మాత్రం మూగనోము పట్టింది. కెర్నల్‌ను మళ్లీ కలిపితే గొంతు వస్తుందని పుస్తకంలో ఉందట. అప్పటి నుంచి ప్రతి శనివారం మాకు పండగే.

కంపైల్‌కు ముందు కంప్యూటరు ప్రశ్నలడుగుతుంది. ఈ కార్డు కావాలా? ఆ డ్రైవు కావాలా? మా సారు దేన్నీ కాదనరు. "ఉండనియ్యి, రేపెప్పుడన్న అక్కరకొస్తది" అంటూ అవునని వై నొక్కుతారు. అందువల్ల మా కెర్నల్‌కు వైర్‌లెస్ రేడియోలు తెలుసు. ఉప్పల్ మొత్తం వెతికినా దొరకని టేపు డ్రైవులు తెలుసు. సరిగ్గా సౌండ్ కార్డు ప్రశ్న వచ్చే వేళకు నాతో చదివే రూతు టీ తెస్తుంది. సారు ఒక చేత్తో గ్లాసు అందుకుని, రెండో చేత్తో ఉత్త ఎంటర్ కొడతారు. ఉత్త ఎంటర్ అంటే వద్దని లెక్క! వెనక్కి పోవడానికి దారి లేదు. చెబుదామనే అనుకుంటాను. కానీ ప్రశ్నలు నడుస్తుంటే ఎవరూ మాట్లాడకూడదని క్లాసు రూలు.

రూలు మంచిదే కదా? నోరు మూసుకుని కూర్చోవడం ఇంకే కోర్సులో నేర్పుతారు?

ఇక లాభాలు చూడండి. రూతు కంపైల్ జరుగుతుండగా లేసు అల్లి అల్లి టేబులు మీదికీ, కుర్చీల మీదికీ, చివరికి మానిటరు మీదికీ గుడ్డలు తయారు చేసింది. ఘట్‌కేసర్ నుంచి రైల్లో క్లాసుకు వచ్చే పోశయ్యకు ఇంట్లో నిద్ర పట్టదు. ఇక్కడ బెంచీ మీద హాయిగా నిద్రపోయి మళ్లీ రైలెక్కుతాడు. ఏ దవాఖానాలో కుదురుతుంది ఈ వైద్యం?

లైనక్స్ ఒకేసారి పది పనులు చేయగలదని మా మొదటి పాఠం. పది మంది ఒకేసారి వాడుకోవచ్చని రెండో పాఠం. కంపైల్ నడుస్తుండగా ఎవరూ ముట్టుకోకూడదని మూడో పాఠం. మూడోది బాగా వంటబట్టింది.

ఇప్పుడు గ్రైండరు సంగతి. కింద ఉండేది ఇంటి ఓనరు లూర్దమ్మ. ఆమె వంటింటికీ మా క్లాసుకూ ఒకటే ఫ్యూజు. గ్రైండరూ కంప్యూటరూ కలిసి తిరిగితే ఫ్యూజు కాలిపోతుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ ఇంట్లో ఇడ్లీ ఉండి తీరాలి. అంటే శనివారం పిండి రుబ్బాలి.

"ఏంది దేవసాయం, నీ వంట ఇంకెప్పుడైతది? నా మినపప్పు నాని నాని పాయసమైతుంది!"

"జర ఓపిక పట్టు అక్కా. మస్తు దూరం పోయింది, మధ్యల ఆగొద్దు."

ఈ మధ్యవర్తిత్వం సారు నాకు అప్పగించారు. నేను నెమ్మదస్తురాలినని, ఎదురు చెప్పనని. మెట్ల మీద కూర్చుని, కింది నుంచి కేక వచ్చినప్పుడల్లా "ఇంకా కాలేదు పెద్దమ్మా" అనడం నా డ్యూటీ. చాలా బాగా అంటానని పేరు తెచ్చుకున్నాను.

అన్నట్టు, నెలాఖరుకు మాకు ప్రాక్టికల్ పరీక్ష. ఒక్కరమే మెషీన్ ముందు కూర్చుని ప్రోగ్రాం రాసి నడిపించాలి. నేనింతవరకు కీబోర్డు ముట్టుకోలేదు. నా వంతు శనివారం. సారు మంచివారు. "కంపైల్ కాంగనే ఫస్టు నువ్వే" అంటారు. అది అయ్యేసరికి క్లాసు మూసే వేళవుతుంది.

మొన్న శనివారం సారుకు ఉప్పల్‌లో చర్చి పాటల ప్రాక్టీసు ఉంది. స్కూటరు తీస్తూ అడిగారు.

"పెద్దమ్మ పిలుస్తే ఏం జెప్పాలె?"

"ఇంకా కాలేదని."

"శాబాష్!"

స్కూటరు మలుపు తిరిగిందో లేదో, లూర్దమ్మ పెద్దమ్మ మెట్ల దగ్గరకొచ్చింది.

"బిడ్డా, అయిందా?"

"ఇంకా కాలేదు పెద్దమ్మా."

"నీ వంతు ఎప్పుడు మరి?"

"ఇది అయినంక."

"గిది ఎన్నడన్న అయిందా?"

వెనక్కి తిరిగి చూశాను. స్క్రీన్ మీద అక్షరాలు పరుగెడుతున్నాయి. బెంచీ మీద పోశయ్య గురక పెడుతున్నాడు. మానిటరు లేసు ముసుగులో పెళ్లికూతురిలా ఉంది.

"రుబ్బుకో పెద్దమ్మా" అన్నాను.

గ్రైండరు గుర్రుమంది. టప్పున అన్నీ ఆరిపోయాయి. పోశయ్య దిగ్గున లేచి "అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

పెద్దమ్మే ఫ్యూజు తీగ చుట్టింది. "ముందు నువ్వు గానియ్యి బిడ్డా. నా పిండి యాడికి పోతది?"

మెషీన్ సీడీలో వచ్చిన పాత కెర్నల్‌తో, అదే సీసా పచ్చడితో, ఏ పేచీ లేకుండా లేచింది. కూర్చున్నాను. నా ప్రోగ్రాం పేరు అడిగి నమస్తే చెబుతుంది, అంతే. ఒక చోట తప్పు దొర్లింది, దిద్దాను. కంపైల్ కొట్టాను.

ఏం చెప్పమంటారు నా అవమానం! ఎంటర్ మీది నుంచి వేలు తీసేలోపే అయిపోయింది! టీ తాగడానికి వ్యవధి లేదు. రూతుకు ఒక్క ముడి వేసుకునే తీరిక లేదు. పోశయ్య మళ్లీ కన్ను మూయనే లేదు. ఇదీ ఒక కంపైలేనా? మళ్లీ రాశాను, మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే! చీకటి పడే దాకా సిగ్గు లేకుండా అదే పని చేశాను.

సారు వచ్చేసరికి మెషీన్ ఆపేసి మెట్ల మీద ఉన్నాను. కింద గ్రైండరు తిరుగుతోంది.

"ఏమైంది?"

"కరెంటు పోయింది సార్."

సారు నిట్టూర్చారు. "ఫికర్ లేదు. వచ్చే శనివారం మళ్ల మొదలుపెడ్త."

కాబట్టి పాఠకులారా, కంపైల్‌లు వర్ధిల్లాలి! ప్రతి శనివారం మొదలు కావాలి! వచ్చే వారానికి పప్పు ఎంత నానబోయమంటావని లూర్దమ్మ పెద్దమ్మ నన్నడిగింది.

ఎక్కువే పోయమన్నాను.